తొలికబురు

తొలికబురు మొదటిసారి వచ్చినప్పుడు రవళి బస్సులో టికెట్లు కొడుతోంది. బెజ్జూరు ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా, పత్తి మూటతో ఎక్కిన ముసలాయనకు మిషన్‌లోంచి టికెట్టు తీసి ఇవ్వబోతుంటే ఖాకీ కోటు జేబులో ఫోను మూడుసార్లు సన్నగా వణికింది. అలా మూడుసార్లు వణికేది ఒక్క దానికే. రవళి ఫోను తీసి చూసింది. నల్లటి తెర మధ్యలో పెసరగింజంత ఆకుపచ్చ చుక్క. దాని కింద ఒకే వరుస: ఫలదీకరణ జరిగి ఇరవై రెండు గంటలయింది.

ఆమె ఆ వరుసను మూడుసార్లు చదివింది. ముసలాయనకు ఇవ్వాల్సిన టికెట్టును పక్కనున్న ఆడమనిషి చేతిలో పెట్టి, తన సీట్లో కూలబడింది. అద్దంలోంచి ఇది చూసిన డ్రైవర్ భీంరావు కళ్లు తిరుగుతున్నాయా అని అడిగాడు. ఏం లేదని చెప్పి, గుంతలున్న చోట కాస్త మెల్లగా పోనిమ్మంది. ఆరేళ్లుగా ఒకే బస్సులో పనిచేస్తున్నారు ఇద్దరూ. ఆమె అలా అడగడం అదే మొదలు.

రవళికి ముప్పై ఆరేళ్లు. పెళ్లయి పదకొండేళ్లు. భర్త సంపత్‌కు ఆసిఫాబాద్‌లో మోటార్లు చుట్టే దుకాణం ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టి మళ్లీ తిరిగేలా చేస్తాడు. ఇద్దరిలోనూ ఏ లోపమూ లేదని ఇప్పటికి నలుగురు డాక్టర్లు చెప్పారు. లోపముంటే దానికో మందుంటుంది. లేని లోపానికి ఏ మందు మింగాలి? హైదరాబాద్ పెద్ద ఆస్పత్రుల్లో చూపించుకుందామని రెండుసార్లు మొదలుపెట్టారు. అక్కడ ఒకసారి పోతే తేలేది కాదు. పదకొండో రోజు రండి, పధ్నాలుగో రోజు మళ్లీ రండి అంటారు. పోయిన ప్రతిసారీ రెండు రోజుల డ్యూటీ, రెండు రోజుల దుకాణం. ఆ తిరుగుడు తట్టుకోలేక రెండుసార్లూ మధ్యలోనే వదిలేశారు. అందుకే ఇంట్లో కూర్చునే సంతాన వైద్యం చేయించుకోవచ్చనీ, ఒక పరిశోధన కేంద్రం వాళ్లు దూరపు ఊళ్ల వాళ్లనే వెతికి మరీ తీసుకుంటున్నారనీ ఆస్పత్రి నర్సు చెప్పినప్పుడు రవళి రెండో మాట అడగకుండా పేరిచ్చింది.

వారం తిరిగేసరికి ఇంటికి ఒక పెట్టె వచ్చింది. అందులో రూపాయి బిళ్లంత పట్టీలు, ఫ్రిజ్‌లో పెట్టుకోవాల్సిన నీలిరంగు సూదిపెన్నులు, బస్సులో తీసుకుపోవడానికి ఒక చల్లటి ఫ్లాస్కు ఉన్నాయి. ప్రతి మంగళవారం సాయంత్రం ఆరింటికి ఫోను తెర మీద డాక్టర్ హైమవతి కనిపించేది. యాభై దాటిన మనిషి, నెరిసిన జుట్టు, తొందరలేని మాట. పట్టీ బొడ్డు కింద నాలుగు వేళ్ల దూరంలో అంటించడం మొదటి మంగళవారం ఆవిడే దగ్గరుండి చేయించినట్టు చేయించింది. దాని అడుగున కంటికి ఆనని ముళ్లున్నాయి, నొప్పి తెలియదంది. కడుపులో పడిన మొదటి రోజునే పిండం అమ్మ రక్తంలోకి ఒక కబురు పంపుతుందనీ, ఇన్నాళ్లూ మనకు దాన్ని వినే చెవి లేదనీ, ఆ చెవే ఈ పట్టీ అనీ, అది విన్నది ఫోను తెర మీద చుక్కయి వెలుగుతుందనీ, దాని పేరే తొలికబురనీ చెప్పింది. చుక్క వెలిగిన నాలుగు గంటల్లోపు ఒక పెన్ను, ఆపైన ఆరో రోజు దాకా రోజుకొకటి పొడుచుకోవాలి. పిండాన్ని గర్భసంచి గోడ పట్టి నిలుపుకునేలా చేసే మందు అది. ఆరు రోజులు దాటి పిండం గోడకు అంటుకుంటే ఆకుపచ్చ చుక్క ఎర్రబడుతుంది.

బెజ్జూరు బస్టాండులో జనమంతా దిగాక, భీంరావు చాయ్ తాగడానికి పోయాక, రవళి బస్సు కిటికీలన్నీ మూసి డాక్టరుకు ఫోను చేసింది. హైమవతి తెర మీదికి వచ్చి ఊపిరి పీల్చుకోమంది, పెన్ను ఎలా పట్టుకోవాలో మళ్లీ చూపించింది, పదంకెలు లెక్కపెట్టించింది. సూది దిగాక రవళి అడిగింది ఒక్కటే, ఇది నిజమేనా అని.

"నిజమే రవళి గారూ. మీ కడుపులో ఈ క్షణం రెండు కణాలున్నాయి" అంది డాక్టరు.

ఆ పూట డ్యూటీ దిగేదాకా రవళి సీట్లోంచి లేవలేదు. పదకొండేళ్లలో ఒక్కసారీ ఏమీ పడలేదనే ఆమె నమ్మకం. తన కడుపు రాతినేల అని ఎవరూ మొహం మీద అనకపోయినా తనకు తానే ఎన్నోసార్లు అనుకుంది. ఇప్పుడు చూస్తే నేల మంచిదే. సంపత్ దుకాణం మూసి పరిగెత్తుకొచ్చాడు. అత్త కనకవ్వ నీళ్ల బిందె ముట్టనివ్వలేదు. ఐదు రోజులు ఆ ఇంట్లో ముగ్గురూ మెల్లగా నడిచారు, మెల్లగా మాట్లాడారు, గంటకోసారి ఫోను చూసుకున్నారు. ఐదో రోజు సాయంత్రం డిపోలో లెక్క అప్పజెప్పి బయటికి వస్తూ రవళి ఫోను తీస్తే తెర నల్లగా ఉంది. ఫోను ఆపి మళ్లీ వేసింది. పట్టీ మీద వేలితో నొక్కి చూసింది. చుక్క లేదు.

అది ఎవరి తప్పూ కాదని హైమవతి ఓపిగ్గా చెప్పింది. చాలామంది ఆడవాళ్లలో ఇలా పడినవి పడినట్టే పోతుంటాయనీ, నెలసరి మామూలుగా వచ్చేస్తుంది గనక ఎవరికీ తెలియదనీ చెప్పింది. వచ్చే నెల చూద్దామంది. రవళి తలూపింది. నెలసరి కూడా తప్పకుండా, సరిగ్గా తేదీకి వచ్చింది. ఇదివరకు ఆ రోజున ఆమెకు ఉసూరుమనిపించేది, అంతే. ఈసారి స్నానాల గది తలుపు వేసుకుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఎవరు పోయారని ఏడవాలో తెలియలేదు. దినం లేదు, పేరు లేదు, సెలవు చీటీలో రాయడానికి కారణం లేదు.

రెండోది రెండు నెలల తర్వాత వచ్చింది, కాగజ్‌నగర్ రైల్వేగేటు పడి బస్సు ఆగి ఉన్నప్పుడు. మూడు రోజులుంది. మూడోది పత్తిమిల్లు దగ్గర ఎర్రబస్తీ పిల్లలు ఎక్కుతుండగా వచ్చింది. అది ఆరో రోజు పొద్దున దాకా ఉంది. ఆ పొద్దున రవళి చుక్క అంచుల్లో ఎరుపు కనబడుతోందనుకుని సంపత్‌ను లేపింది. అతను కళ్లు నులుముకుని చూసేసరికి తెర నల్లబడింది. వాటికి ఆమె పేర్లు పెట్టలేదు. కానీ ఏది ఎక్కడ వచ్చిందో మరచిపోలేకపోయింది. బస్సు ఆ తావుల్ని దాటినప్పుడల్లా చేతిలో ఉన్న పని ఆగిపోయేది. టికెట్ అడుగుతున్న మనిషి రెండోసారి, మూడోసారి పిలవాల్సి వచ్చేది.

చుక్క వెలిగిన రోజుల్లో భీంరావు ఎద్దుబండి తోలినట్టు తోలేవాడు. సంగతేమిటో రవళి చెప్పలేదు, అతనూ అడగలేదు. జనం గొణిగితే ఇంజన్ బాగాలేదనేవాడు.

నాలుగోదీ ఐదోదీ కూడా పోయాక సంపత్ మారిపోయాడు. చుట్టిన మోటారునే మళ్లీ విప్పి చుట్టేవాడు. ఒకరోజు ఒక రైతు మోటారుకు తీగ తిరగేసి చుట్టాడు, పెట్టీ పెట్టగానే కాలిపోయింది. పదిహేనేళ్లలో ఎన్నడూ జరగని పని అది. ఆ సాయంత్రం అతను అన్నం ముందు కూర్చుని, పట్టీ తీసెయ్యమని రవళిని అడిగాడు. పిల్లలు లేకపోయినా బతుకుదామన్నాడు. ఇట్లా నెలనెలా చావు చూసుకుంటూ తన వల్ల కాదన్నాడు.

కనకవ్వ కూడా కొడుకు మాటే అంది. ఆమె తన కాలంలో ఆరుగురిని కని ఇద్దరిని దక్కించుకున్న మనిషి.

"మాకు తెల్వకుండ ఎందరు పోయిన్రో బిడ్డా. తెల్వలేదు కాబట్టే లేసి పనికి పోయినం. నీకు దేవుడు దాచిపెట్టింది కూడ చూపిస్తాన్రు వాళ్లు" అంది.

రవళి కంచం పక్కకు జరిపింది.

"నేను తీసేస్తే మాత్రం వచ్చుడు ఆగుతదా అత్తా? వస్తరు, పోతరు. ఇప్పుడు నేనొక్కదాన్నన్న చూస్తున్న. తీసేస్తే వాళ్లు వచ్చినట్టు ఎవ్వలకు తెల్వకుండనే పోతరు."

సంపత్ చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. ఆ తర్వాత చుక్క వెలిగినప్పుడల్లా దుకాణంలో పని ఎక్కువైందని అక్కడే ఉండిపోవడం మొదలుపెట్టాడు.

ఆరోది ప్రయోగం మొదలైన పదో నెలలో వచ్చింది. అప్పటికి రవళి ఒక నిర్ణయానికి వచ్చి ఉంది. మందు మంచిదే, తనకు చాలడం లేదు. ఒక మోటారుకు తీగ చాలకపోతే ఇంకో చుట్టు చుడతారు కదా. మొదటి రోజు రెండు పెన్నులు పొడుచుకుంది. రెండో రోజు రెండు, మూడో రోజు మూడు. ఇంట్లో ఉన్న పెన్నులన్నీ అయిపోయాయి. మంగళవారం హైమవతి అడిగితే రోజుకొకటే అని అబద్ధం చెప్పింది. నాలుగో రోజు పెన్ను లేదు. ఐదో రోజు మధ్యాహ్నం చుక్క ఆరిపోయింది.

ఈసారి ఏడుపు రాలేదు. భయం వచ్చింది. తానే ఎక్కువ మందు పొడిచి చంపుకుందా అని. కాగజ్‌నగర్ బస్టాండులో బస్సు ఆగగానే, మంగళవారం కాకపోయినా, డాక్టరుకు ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

హైమవతి మొహంలో మొదటిసారి రంగు మారడం చూసింది రవళి. గుండెదడ ఉందా, వాపు ఉందా, చూపు మసకగా ఉందా అని వరసగా అడిగింది. దగ్గరి ఆస్పత్రికి పోయి కూర్చోమంది, గంటలో మళ్లీ ఫోను చేస్తానంది. రవళి బస్సును ఇంకో కండక్టరుకు అప్పగించి ఆస్పత్రి బల్ల మీద కూర్చుంది. గంట కాలేదు, నలభై నిమిషాలకే ఫోను వచ్చింది.

"మీకేం ప్రమాదం లేదు రవళీ. మందు వల్ల ఏమీ కాలేదు. పోయింది కూడా దానివల్ల కాదు. ఇంటికి వెళ్లండి. రేపు నేను వస్తున్నాను" అంది డాక్టరు.

రేపు హైదరాబాద్ నుంచి ఇంత దూరం ఎందుకు వస్తున్నదో రవళికి అర్థం కాలేదు. ఏడు పెన్నుల మందు మూడు రోజుల్లో ఒంట్లోకి పోతే ఏమీ కాదని పరీక్ష కూడా చేయకుండా ఎలా చెప్పిందో అంతకన్నా అర్థం కాలేదు.

మరునాడు పదకొండున్నరకు కాగజ్‌నగర్‌లో బస్సెక్కిన వాళ్లలో ఆవిడ ఉంది. రవళి ఆ మొహాన్ని వెంటనే గుర్తుపట్టింది. మనిషిని మాత్రం పోల్చుకోలేకపోయింది. పది నెలలుగా భుజాల పైన మాత్రమే చూసింది. డాక్టరు పొట్టి మనిషి. ఎడమ కాలికి చిన్నప్పుడెప్పుడో వచ్చిన అవిటితనం ఉంది. మెట్టెక్కడానికి కడ్డీ పట్టుకుని తంటాలు పడుతోంది. రవళి దిగి చెయ్యిచ్చి ఎక్కించి, తన సీట్లో కూర్చోబెట్టింది.

ఇంట్లో చాప మీద కూర్చుని, కనకవ్వ ఇచ్చిన చాయ్ చల్లారిపోతుంటే, హైమవతి చెప్పింది. ఏ కొత్త మందైనా పనిచేస్తుందో లేదో తేల్చాలంటే సగం మందికి అసలు మందు ఇస్తారు. మిగతా సగం మందికి చూడటానికి అలాగే ఉండే ఉప్పునీళ్లు ఇస్తారు. ఎవరికి ఏది పోతోందో వేసుకునే వాళ్లకు తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. కంప్యూటర్లో గుట్టుగా ఉంటుంది. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తేనే ఆ గుట్టు విప్పుతారు. నిన్న రవళి కోసం విప్పారు.

రవళికి గుర్తొచ్చింది. మొదట్లో ఫోను తెర మీద ఒక అమ్మాయి కాగితాలన్నీ చదివి వినిపించింది, ఆ మాట కూడా చదివింది. తాను వేలితో సంతకం పెట్టింది. అప్పుడది ఎవరి గురించో చెబుతున్నట్టనిపించింది.

"అయితే నావి నీళ్లు" అంది.

"అవును."

"పది నెలలు."

"అవును రవళీ. ఈ మాట తెర మీద చెప్పేది కాదని వచ్చాను."

కనకవ్వ అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఆమె మెల్లగా వచ్చి డాక్టరు ఎదురుగా కూర్చుంది.

"కబురు నిజం చేసి, మందు అబద్ధం చేసిన్రా తల్లీ?"

హైమవతి తల దించుకుంది. కబురు కూడా సగం మందికి ఆపి ఉండాల్సిందనీ, ఆ ఆలోచన తమకు రాలేదనీ అంది. పట్టీ కనిపెట్టిన సంబరంలో, తెలిస్తే మంచిదేగా అనుకున్నామంది. తెలియడమే ఒక మందు పనో, విషం పనో చేస్తుందని లెక్కలోకి తీసుకోలేదంది. ఆవిడ మాటలో సాకు లేదు. అందుకే రవళికి అరవబుద్ధి కాలేదు.

ఇంతలో సంపత్ వచ్చాడు. చేతులకు వార్నిష్ మరకలు అలాగే ఉన్నాయి. అంతా విని, ఒకే ఒక్క మాట అడిగాడు. అసలు మందు ఇచ్చి ఉంటే ఆరుగురిలో ఒక్కరైనా నిలిచేవారా అని. తనకు తెలియదని హైమవతి చెప్పింది. తెలుసుకోవడానికే ఇదంతా చేశామంది. ఇప్పుడు మాత్రం ప్రయోగం మధ్యలోనే ఆపి, లెక్క తేల్చమని పైవాళ్లను అడుగుతానంది. ఆవిడను సాయంత్రం రైలెక్కించడానికి సంపతే బండి మీద తీసుకుపోయాడు. పోతూ పోతూ, పట్టీ తీసేస్తారా అని డాక్టరు రవళిని అడిగింది. రవళి తీయలేదు.

లెక్క పదహారు రోజుల్లో తేలింది. హైమవతి ఫోను చేసి చెప్పింది. మందు వేసుకున్న వాళ్లలోనూ, నీళ్లు వేసుకున్న వాళ్లలోనూ నిలిచినవి ఒకే పాటి. మందు పనిచేయదు. రవళికి అసలు పెన్నులే ఇచ్చినా జరిగేది ఇదే.

రెండు వారాలకు పైగా రవళి ఆ నీళ్ల మీద కోపంతోనే లేచింది, కోపంతోనే పనికి పోయింది. ఇప్పుడు కోపం తెచ్చుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు.

డాక్టరు ఇంకో సంగతి చెప్పింది. మందు పోతే పోయింది, పట్టీ మాత్రం అద్భుతంగా పనిచేస్తోంది. అది తయారుచేసిన కంపెనీ దాన్ని ఒట్టిగానే, పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్లందరికీ అమ్ముతామంటోంది. ఇలాంటి ప్రయోగాల మంచిచెడ్డలు తేల్చే ఎథిక్స్ కమిటీ మంగళవారం కూర్చుంటోంది. ప్రయోగంలో ఉన్న వాళ్లలో ఒకరిని మాట్లాడనివ్వమని తాను అడిగానంది. రవళి రావాల్సిన పనిలేదు, ఇంట్లోంచే మాట్లాడొచ్చు.

శుక్రవారం మధ్యాహ్నం బెజ్జూరు నుంచి తిరిగొస్తుండగా ఫోను మూడుసార్లు వణికింది. ఏడోది.

ఈసారి ఫ్రిజ్‌లో ఏమీ లేదు. ఉన్నా పనికిరాదు. రవళి ఎవరికీ చెప్పకుండా ఉందామనుకుంది. కానీ ఇంట్లోకి అడుగుపెట్టగానే ఆమె నడక చూసే కనకవ్వకు అర్థమైపోయింది. సంపత్ ఆ సాయంత్రం దుకాణానికి తిరిగి పోలేదు. పక్కన కూర్చుని ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. చుక్కను చూస్తూ చాలాసేపు ఉండి, ఈసారి ఎన్ని రోజులైతే అన్ని రోజులు ఇద్దరం కలిసే చూద్దామన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి రవళి ఖాకీ కోటు వేసుకునే ఫోను ముందు కూర్చుంది. తెర మీద చిన్న చిన్న గళ్లలో తొమ్మిది మొహాలు. ఒక గడిలో హైమవతి. మొదట కంపెనీ తరఫున ఒకాయన మాట్లాడాడు. చెడ్డ మనిషిలా లేడు, నెమ్మదిగానే మాట్లాడాడు. తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకునే హక్కు ప్రతి ఆడమనిషికీ ఉందనీ, తెలియనివ్వకుండా దాచే హక్కు ఎవరికీ లేదనీ అన్నాడు. కొందరు తలూపారు. రవళికి కూడా ఆ మాట తప్పనిపించలేదు.

తర్వాత ఆమెను మాట్లాడమన్నారు. ఏం చెప్పాలో ముందే అనుకుంది. ఆరు చుక్కల గురించి, పెన్నుల గురించి. నోరు తెరిచేసరికి అవేవీ రాలేదు.

"సార్ చెప్పింది నిజమే. తెలుసుకునే హక్కు ఉన్నది. నాకు ఇప్పుడు కూడ తెలుసు సార్. ఇగో, ఇప్పుడు నేను మీతోని మాట్లాడుతుంటే నా కడుపుల ఒకరున్నరు. నాలుగు రోజులైంది. ఎల్లుండి దాకా ఉంటరో పోతరో తెల్వదు. ఈ సంగతి నాకు మీరే చెప్పిన్రు. మరి ఇప్పుడు నేనేం చెయ్యాల్నో కూడ మీరే చెప్పున్రి."

కంపెనీ ఆయన కాగితాలు సర్దుకున్నాడు. కమిటీ పెద్దావిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. రవళి ఎదురుచూసింది. నిజంగానే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతారేమోనని, పడుకొమ్మనో, ఫలానాది తినమనో చెబుతారేమోనని, చివరి దాకా చూసింది. ఎవరూ చెప్పకపోయేసరికి, నాకు డ్యూటీ టైమైంది అని చెప్పి లేచింది.

సాయంత్రానికి నిర్ణయం వచ్చింది. నిలబెట్టే మందు దొరికేదాకా కబురు చెప్పే పట్టీని అమ్మకూడదు. ప్రయోగం అక్కడితో సరి. మరునాడు ఉదయం పదింటికి అందరి ఫోన్లలోనూ తొలికబురు ఆగిపోతుంది. హైమవతి ఇది చెప్పి, రవళి ఒక్కదానికి మాత్రం ఇంకో రెండు రోజులు ఉంచమని అడగగలనంది.

రవళి సంపత్ మొహంలోకి చూసింది. అతను నీ ఇష్టం అన్నాడు. ఇంకో రెండు రోజులు ఆ తెరను చూస్తూ కూర్చోవడం ఆమె కళ్ల ముందు ఆడింది. ఆరో రోజు పొద్దున, ఎరుపో నలుపో.

"వద్దు మేడం. అందరితోని పాటే ఆగనియ్యిన్రి" అంది.

మరునాడు పదింటికి బస్సు పంటచేల మధ్య ఉంది. రవళి తొమ్మిదీ యాభై నుంచీ ఫోను చేతిలోనే పట్టుకుంది. చుక్క ఆకుపచ్చగా, నిలకడగా ఉంది. పదయింది. చుక్క బూడిదరంగుకు తిరిగింది. కింద, ఈ సేవ నిలిపివేయబడింది అని వచ్చింది. ఆమె ఫోను జేబులో వేసుకుని, అప్పుడే ఎక్కిన వాళ్లకు టికెట్లు కొట్టింది. పట్టీని మాత్రం ఆ రోజు తీయలేదు. ఆదివారం తలస్నానం చేస్తున్నప్పుడు అంచు లేచి ఉంటే, గోటితో ఒలిచి పారేసింది.

ఆపైన రోజులు మెల్లగా నడిచాయి. తేదీ వచ్చింది, దాటింది. ఇంకో రోజు దాటింది. ఇంట్లో ముగ్గురూ ఆ మాట ఎత్తలేదు గానీ కనకవ్వ కూరలో కారం తగ్గించింది. సంపత్ పొద్దున్నే లేచి బావి దగ్గర నీళ్లు తోడి పెట్టాడు. మూడో రోజు పొద్దున డిపోలో, బస్సు తీయడానికి పది నిమిషాల ముందు, నెలసరి వచ్చింది.

రవళి అక్కడే, ఆడవాళ్ల గదిలో, బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. ఐదో రోజు పోయిందో, ఎనిమిదో రోజు పోయిందో, లేక గోడను ఒక పూట పట్టుకుని చూసి వదిలేసిందో ఆమెకు తెలియదు. ఏడుపు అంతే ఉంది. కానీ ఫలానా గంటకు అని వేలు పెట్టి చూపించడానికి లేకపోయేసరికి, అది ఒకచోట గుచ్చుకోకుండా ఒళ్లంతా పరుచుకున్నట్టుంది. మొహం కడుక్కుని బయటికి వచ్చింది. భీంరావు బస్సు స్టార్ట్ చేసి ఉన్నాడు. ఆమె కళ్లు చూసి, ఈ ట్రిప్పు వేరేవాళ్లను పంపమందామా చెల్లె అని అడిగాడు. వద్దంది.

ఆ వచ్చే మంగళవారం సాయంత్రం ఆరింటికి ఫోను మోగింది. తెర మీద మొహం రాలేదు, గొంతు మాత్రమే. హైమవతి తాను ఆ ఉద్యోగం మానేశానని చెప్పింది. క్షేమం అడిగింది. రవళి నెలసరి వచ్చిందని చెప్పింది.

ఫోన్లలో ఆగిపోయినా, పట్టీ ఒంటి మీద ఉన్నంతసేపూ తమ కంప్యూటర్లోకి కబురు వస్తూనే ఉందని డాక్టరు మెల్లగా చెప్పింది. రవళి పట్టీ ఆదివారం దాకా పంపింది. అందులో అంతా ఉంది, ఏ రోజు, ఏ గంట.

"తెలుసుకోవాలని ఉంటే చెప్తాను. వద్దంటే ఎప్పటికీ చెప్పను."

రవళి వాకిట్లో గడప మీద కూర్చుని ఉంది. ఇంట్లో సంపత్, కనకవ్వ ఏదో మాట్లాడుకుంటున్నారు. నాలుక చివరిదాకా వచ్చిన ప్రశ్నను ఆమె రెండుసార్లు మింగింది.

"వద్దు మేడం" అంది. ఆ తర్వాత అడిగింది. "మీరు చూసిన్రా?"

"చూశాను."

"ఆఖరి దాకా?"

"ఆఖరి దాకా కూర్చుని చూశాను."

"అయితే సాలు మేడం. ఎవరో ఒకరు చూసిన్రు."

అవతల నుంచి ఊపిరి తెగి తెగి వినబడుతోంది. ఆవిడ ఏడుస్తోందని రవళికి అర్థమైంది. ఫోను పెట్టేయకుండా, ఆ ఏడుపు ఆగేదాకా, చెవి దగ్గరే పట్టుకుని కూర్చుంది.